ఈజిప్టు సమాధి శిల్పంలో శ్రామికుడు

శ్రీశ్రీ "దేశచరిత్రలు" మన విద్యార్థులు కంఠతా పట్టిన గేయం. అందులో నైలునది నాగరికత ప్రస్తావన వుంది. రాజుల కథలు చాలు, ఆ నాగరికతలో మామూలు మనిషి ఎలా బ్రతికాడో చెప్పమని కవి చరిత్రకారుణ్ణి నిలదీస్తాడు. ఆ గేయాన్ని పాఠం చెప్పిన ప్రతిసారీ నేనొకటి గమనించాను. విద్యార్థులు దాన్ని జవాబు లేని ప్రశ్నగా తీసుకుంటారు. చరిత్ర సామాన్యుణ్ణి మరిచిపోయింది, ఇక చేసేదేముంది, అని నిట్టూర్చి పుస్తకం మూస్తారు. నైలునది విషయంలో చిక్కు అది కాదు. జవాబు అక్కడ గోడలనిండా వుంది. దున్నేవాడు, విత్తేవాడు, కోసేవాడు, కళ్ళంలో గాడిదలను తోలేవాడు, పడవకు చెక్క తొలిచేవాడు, రొట్టెలు కాల్చే మనిషి, చేపలు కోసి ఎండబెట్టే మనిషి - వీళ్లందరినీ ఇంత ఓపికగా చెక్కిన దేశాలు ప్రాచీన ప్రపంచంలో బహు కొద్ది. మనం విచారించవలసింది ఆ జవాబును ఎవరు చెక్కించారు, దేనికి చెక్కించారు అన్న సంగతి.

ఈ శిల్పాలను గురించి మన అభ్యుదయ సాహిత్య గోష్ఠులలో రెండు రకాల మాటలు వింటూంటాను. సమాధులు పాలకవర్గం కట్టించుకున్నవి గనక అది పాలకవర్గ కళ, దానితో మనకు పని లేదు అని కొందరంటారు. గోడలమీద వున్నది శ్రామికుడు గనక అది ప్రజాకళ అని మరికొందరు మురిసిపోతారు. మొదటివారు బొమ్మ వైపు చూడరు. రెండోవారు ఆ బొమ్మ ఏ గదిలో వుందో చూడరు. కళను వర్గదృష్టితో చూడటమంటే దానికొక చీటీ అంటించి పక్కన పెట్టటమని ఇద్దరికీ అభిప్రాయం వున్నట్టుంది. నేనీ శిల్పాలను ఛాయాచిత్రాలలోనే చూశాను. కాని ఛాయాచిత్రం చాలు, చూసే ఓపిక వుంటే.

కైరోకు దక్షిణాన సక్కారా అనే ఎడారి శ్మశానం వుంది. అక్కడ తీ అనే ఆయన సమాధి వుంది. ఈయన రాజు కాదు, అయిదో రాజవంశం కాలపు పెద్ద అధికారి. ఇద్దరు రాజుల పిరమిడ్లమీద పెత్తనం చేసినవాడు, భూములూ మందలూ కలవాడు. కాలం సుమారు క్రీ.పూ. 2400. సమాధి గదుల గోడలు సున్నపురాయి. వాటిమీద పలచని ఉబ్బెత్తు చెక్కడాలు, రంగులు కొంత మిగిలివున్నాయి. ఒక గోడమీద నీటిగుర్రాల వేట. తీ తన పడవలో నిలువెత్తున నుంచున్నాడు. తక్కిన మనుషులకు రెండింతల పైచిలుకు ఎత్తు. భుజాలు ఎదురుగా, ముఖం పక్కకు, ఒక కాలు ముందుకు, చేతిలో కర్ర. ఆయన వేటాడడు, చూస్తాడు. పక్క పడవలో ఆయన మనుషులు ఈటెలెత్తి, తాళ్లు లాగి, ఒళ్లు విరుచుకుని నీటిగుర్రంతో పోరాడుతున్నారు. ఇంకోచోట పసులకాపరులు మందను కాలవ దాటిస్తున్నారు. ఒకడు ఈనిన లేగను వీపుమీద వేసుకుని నీళ్లలో నడుస్తున్నాడు. ఆ దూడ మెడ వెనక్కి తిప్పి తల్లికోసం అరుస్తున్నది. తల్లి ముట్టె ఎత్తి దూడ వైపు చూస్తున్నది. నీళ్లలోని కాళ్లు నీటిగీతల మాటున కనబడతాయి. నాలుగు వేల నాలుగు వందల ఏళ్లనాటి ఆ దూడ అరుపు వినబడనివాడికి శిల్పం గురించి మాట్లాడే అర్హత లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక ప్రశ్న. యజమాని బొమ్మ కొయ్యలా బిగుసుకుపోయి వుండటమేమిటి, కూలివాడి బొమ్మ ఇలా కదలటమేమిటి? డబ్బిచ్చి చెక్కించుకున్నవాడికి జీవం తక్కువై, వాడి పశువుల కాపరికి జీవమెక్కువైందే!

శిల్పి కూలివాడి పక్షం వహించాడు, యజమానిని వెక్కిరించాడు అని చెప్పటం సులువు. అలా చెప్పిన వ్యాసాలు నేను చదివాను. అది మన కోరికను శిల్పి నెత్తిన రుద్దటం. అసలు కారణం శిల్పానికి అక్కడున్న పనిలో వుంది. ఈజిప్టు భాషలో శిల్పిని చెప్పే మాటల్లో ఒకదానికి "బ్రతికించేవాడు" అని అర్థం. చచ్చినవాడి దేహం శిథిలమైనా వాడి ప్రాణశక్తి వచ్చి నిలవటానికి ప్రతిమ కావాలి. తీ ప్రతిమను పెట్టిన గదికి తలుపు లేదు, గోడలో సన్నని సందులు మాత్రం వున్నాయి. ధూపం ఆ సందులగుండా లోపలికి పోతుంది, ప్రతిమ చూపు వాటిగుండా బయటికి వస్తుంది. చూసేవాళ్లకోసం చేసిన బొమ్మ కాదది, చూడటంకోసం చేసిన బొమ్మ. అలాంటి బొమ్మలో యజమాని తుమ్మకూడదు, వంగకూడదు, అలసిపోకూడదు, ముసలివాడు కాకూడదు. అతని శరీరానికి కొలతలున్నాయి. తరవాతి కాలంలో ఆ కొలతలు గళ్లలోకి దిగాయి: నిలబడ్డ మనిషికి అరికాలినుంచి నొసటిమీది జుట్టు అంచుదాకా పద్దెనిమిది గళ్లు. యజమాని శాశ్వతత్వానికి ఆ గళ్లే కంచె.

కాపరికి ఆ కంచె అంత కట్టుదిట్టంగా లేదు. కాపరి శాశ్వతంగా వుండవలసిన పని లేదు, అతని పని శాశ్వతంగా వుంటే చాలు. పని అంటేనే కదలిక. తాడు లాగేవాడు వంగితేనే తాడు లాగినట్టు. అందుకని శిల్పికి అక్కడ వంపులు దొరికాయి, బట్టతలలు దొరికాయి, బానపొట్టలు దొరికాయి, పడవవాళ్ల కొట్లాటలు దొరికాయి. పనివాళ్ల తలలమీద వాళ్ల మాటలు కూడా చెక్కారు: ఒకణ్ణొకడు తొందరపెట్టటం, ఎగతాళి చేయటం, పశువును అదిలించటం. మన ప్రాచీన శాసనాలలో దానమిచ్చిన ప్రభువుల బిరుదులు గజాల పొడవున వుంటాయి, ఆ పొలం దున్నినవాడి నోటిమాట ఒక్కటి వుండదు. తెలుగు శాసనాల్లో కవిత్వం వెదికే మాబోటివాళ్లకు ఈ గోడలు చూస్తే కొంచెం అసూయగానే వుంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ జీవమంతా ప్రతి శిల్పీ పొలంగట్టున కూర్చుని స్వయంగా చూసి చెక్కిందనుకోకూడదు. దూడను మోసే కాపరి ఒక్క తీ సమాధిలోనే లేడు. ఇలాంటి దృశ్యాలు చేతినుంచి చేతికి, సమాధినుంచి సమాధికి నడిచాయి. పని కూడా ఒక్కడిది కాదు. హోరెంహెబ్ అనే రాజు సమాధి 1908లో బయటపడింది. అది సగంలో ఆగిపోయింది గనక పనితీరంతా గోడమీద అలాగే నిలిచిపోయింది. ముందొకడు ఎర్రసిరాతో గీస్తాడు, పైవాడు నల్లసిరాతో దిద్దుతాడు, ఇంకొకడు ఉలితో గీత వెంబడి నేపథ్యాన్ని లోతు చేస్తాడు, రంగులవాడు చివర వస్తాడు. ఇది కార్ఖానా పని. "కళాకారుడి వైయక్తిక ప్రతిభ" గురించి ఉపన్యాసాలిచ్చే మన సౌందర్యవాదులు ఆ ఎర్రగీతమీది నల్లగీతను కాసేపు చూస్తే మంచిది. అలాగని శిల్పికి తనెవడో తెలియదనీ కాదు. సక్కారాలోనే ప్తాహ్‌హోతెప్ సమాధి గోడమీద పడవవాళ్లు గడకర్రలతో కొట్టుకుంటూంటే, ఒక మూల పడవలో ఒక మనిషి తీరికగా కూర్చుని తాగుతున్నాడు, ఒక పిల్లవాడు అందిస్తున్నాడు. ఆ తాగేవాడి పేరు నిఆంఖ్‌ప్తాహ్ అనీ, శిల్పులకు పెద్ద అనీ పక్కన రాసివుంది. తనను తాను యజమాని వరసలో పెట్టుకోలేదు, పడవవాళ్ల సరసన పెట్టుకున్నాడు. దాన్నిబట్టి అతన్ని శ్రామికవర్గ చైతన్యం కలవాడని నేననను. తన చోటేదో అతనికి తెలుసునంటాను.

అసలు విషయానికి వద్దాం. ఆ కదలిక ఎవరికోసం? సమాధి గోడమీద గోధుమ కోస్తున్నారంటే చచ్చిన యజమానికి ఎప్పటికీ రొట్టె దొరుకుతుందని అర్థం. సారా కాస్తున్నారంటే ఎప్పటికీ సారా. ఆ కాపరి నీళ్లలోంచి గట్టెక్కడు. ఆ కోతవాడు కొడవలి దించడు. మనకు ముచ్చటగొలిపే ఆ సజీవత్వమే వాడికి విడుదల లేని కొలువు. ఈ పని వెనక ఏమున్నదో దాచాలన్న సిగ్గు కూడా చెక్కించినవాడికి లేదు. తేతి అనే రాజుకు మంత్రి అయిన మెరెరుక సమాధి ముప్పైకి పైగా గదులున్న మేడ. అక్కడ ఒక గోడమీద గ్రామపెద్దలను మెడలు వంచి లేఖకుల ముందుకు ఈడ్చుకొస్తారు. లెక్క తేలనివాణ్ణి బట్టలూడదీసి గుంజకు కట్టి కొడుతున్నారు. లేఖకులు తలవంచుకుని రాసుకుంటున్నారు. ఇందులో యజమానికి కనిపించింది క్రౌర్యం కాదు, పాలన సవ్యంగా సాగటం. ఆయన స్వర్గంలో ఇది కూడా వుండి తీరాలి. దెబ్బ లేకపోతే గోధుమ రాదని ఆయనకు తెలుసు.

ఈ కొలువు ముందు గోడమీద వుండేది, దానితోపాటే బొమ్మల్లోకి వచ్చింది. పాత రాజ్యపు సమాధుల్లో సున్నపురాతి చిన్న ప్రతిమలు దొరికాయి. మోకాళ్లమీద కూర్చుని సన్నికల్లులాంటి రాతిమీద ధాన్యం నూరే ఆడమనిషి, కుండమీద వంగి సారా పిండి వడగట్టే మనిషి. నూరే మనిషి భుజాలు చూడండి. బరువంతా అరిచేతుల్లోకి దిగింది, తల మాత్రం పైకెత్తి వుంది, ఎవరో పిలిచినట్టు. వీటిలో కొన్నిటిమీద యజమాని బిడ్డల పేర్లే వున్నాయి గనక ఇవన్నీ దాసీల బొమ్మలని కొట్టిపారేయటానికి వీల్లేదు. ఎవరైనా సరే, అది పని తెలిసిన శరీరం. తరవాత మధ్య రాజ్యంలో కొయ్యబొమ్మలు వచ్చాయి. 1920లో మెకెత్రె అనే అధికారి సమాధిలో రొట్టెల కొట్టం, నేతశాల, వడ్రంగిశాల, గొడ్ల లెక్క, పడవలు అన్నీ చిన్న చిన్న కొయ్యబొమ్మలుగా దొరికాయి. చూడముచ్చటైనవి. కాని మనిషి అప్పటికే కొంచెం చిన్నవాడయ్యాడు, కొట్టం పెద్దదయింది.

ఆ తరవాత వచ్చింది షబ్తీ. ఈజిప్టు శ్రామికుడి చరిత్ర అంతా ఈ జానెడు బొమ్మలోకి కుదించుకుపోయిందని నాకనిపిస్తుంది.

షబ్తీ మమ్మీ ఆకారంలో చుట్టిపెట్టిన బొమ్మ. రెండు చేతులు మాత్రం బయటికి వుంటాయి. చేతుల్లో పారలు, వీపున బుట్ట. ఒంటిమీద ఒక మంత్రం. ఆ మంత్రం చెప్పేదిది: పరలోకంలో పొలాలు సాగుచేయటానికి, గట్టు భూములకు నీళ్లు పెట్టటానికి, తూర్పునుంచి పడమటికి ఇసుక మోయటానికి ఈ చచ్చినవాడికి పిలుపు వస్తే, వాడి బదులు ఈ బొమ్మ లేచి, "చిత్తం, వచ్చాను" అనాలి. తరవాతి కాలంలో దీని పేరును "జవాబిచ్చేవాడు" అనే అర్థంలోనే పలికారు. ఇసుక మోయటం, గట్లు వేయటం, పిలిస్తే పోవటం - దీనికి మన భాషలో వేరే మాట వెదకనక్కరలేదు. ఇది వెట్టి. తెలంగాణా పల్లెల్లో 1946 నుంచి 1951 దాకా ఏ చాకిరీమీద రైతులు తిరగబడ్డారో ఆ చాకిరీ. నైలు వరద కాలువలూ గట్లూ నిలవటానికి ఏటేటా రాజు పేర మనుషులను పట్టుకుపోయేవారు. పలుకుబడి వున్నవాడు తన బదులు ఇంకొకణ్ణి పంపేవాడు. చచ్చాక కూడా అదే ఏర్పాటు.

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. పరలోకంలో పైరు మనిషిని మించి పెరుగుతుంది, నది ఎండదు, ఆకలి లేదు. ఇంత వూహించగలిగిన బుర్ర, వెట్టి లేని లోకాన్ని వూహించలేకపోయింది. దేవుడి రాజ్యంలో కూడా పిలుపు వస్తుంది. ఎవడికి వస్తుంది? అధికారికి వస్తుంది, పూజారికి వస్తుంది, రాజుకు కూడా వస్తుంది. 1922లో తెరిచిన తుతన్‌ఖామున్ సమాధిలో 413 షబ్తీలు వున్నాయి. రోజుకొకటి చొప్పున 365 మంది పనివాళ్లు, వాళ్లమీద 36 మంది పెత్తందార్లు, నెలకొకడు చొప్పున మరి 12 మంది. ఈ లోకంలో వెట్టి చేయించినవాడు పై లోకంలో తన్నెవడైనా వెట్టికి పట్టుకుపోతాడేమోనని నాలుగు వందల పైచిలుకు బొమ్మల వెనక నక్కి కూర్చున్నాడు. పాలకవర్గం గురించి ఇంత నిజం చెప్పిన శిల్పం ఇంకొకటి నాకు తెలియదు. చెప్పాలని చెప్పింది కూడా కాదు.

ఇక రూపం సంగతి చూడండి. మొదట్లో షబ్తీ యజమానికి మారురూపు. వాడి పేరే దానిమీద, వాడి మమ్మీ ఆకారమే దానికి. అందుకే పనితనం బాగుండేది. రానురాను లెక్క పెరిగింది. నలగగొట్టిన పలుగురాతి పిండిని అచ్చులో అదిమి కాల్చి, నీలిమెరుపు బొమ్మలను వందల లెక్కన తీశారు. పెత్తందారు బొమ్మకు మాత్రం బ్రతికున్నవాడి బట్ట, చేతిలో కొరడా. కూలిబొమ్మకు ముఖం చెరిగిపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక అమ్మకపు పత్రం వుంది. 401 బొమ్మలు, అంటే 365 కూలీలూ 36 పెత్తందార్లూ, అప్పగించాననీ, వాటి వెల తనకు ముట్టిందనీ చేసినవాడు అందులో రాసిచ్చాడు. ఆ వెల ముట్టింది గనక ఇక అవి చచ్చినవాడి మాట విని పనిచేయాలి! తీ సమాధిలో కూలివాడికి వంగే నడుమైనా వుండేది. పదిహేను వందల ఏళ్లు గడిచేటప్పటికి వాడొక అంకె అయ్యాడు. శిల్పం క్షీణించిందని కళాచరిత్రకారులంటారు. నిజమే. కాని ఆ క్షీణత చేతి నేర్పులో మొదలైంది కాదు. శ్రమను చూసే చూపు లెక్కపుస్తకంలోకి జారిపోయాక చేతికి చెక్కవలసిందేమీ మిగల్లేదు.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ వుంది. నిజాం వంశపు అల్లుడొకాయన కొని తెచ్చింది. మా విద్యార్థులను తీసుకువెళితే ఆ గాజుపెట్టె చుట్టూ గుంపుకడతారు. ఎవరి శవం, ఎన్నేళ్లది అనే అడుగుతారు. ఆ నార నేసిందెవరు, ఇంత సన్నగా ఎలా నేశారు అని ఒక నేతపని ఇంటి పిల్ల మాత్రం అడిగింది. ఈజిప్టు గురించి నేను విన్న మంచి ప్రశ్నలలో అదొకటి.

సమాధులు చెక్కినవాళ్లకు కూడా సమాధులున్నాయి. ఈ విషయం మన చర్చల్లోకి రావలసినంతగా రాలేదు. లక్సర్‌కు ఎదురుగా, నైలు పడమటి గట్టున దెయిర్ ఎల్ మెదీనా అనే వూరి శిథిలాలున్నాయి. ప్రాకారం లోపల డెబ్బై ఇళ్లకు మించవు. రాజుల సమాధులు తొలిచినవాళ్లూ గీసినవాళ్లూ రంగులు వేసినవాళ్లూ అక్కడ వుండేవారు. జీతం ధాన్యంలో: మామూలు పనివాడికి నెలకు నాలుగు ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖారు యవలు. ఖారంటే సుమారు 76 లీటర్లు. మూడో రామెసెస్ పాలనలో 29వ ఏట, అంటే క్రీ.పూ. 12వ శతాబ్దం మధ్యలో, ఆ ధాన్యం అందలేదు. పనివాళ్లు ఉలులు దించి, కాపలా గోడలు దాటి వచ్చి ఒక గుడి వెనక బైఠాయించారు. ఆకలీ దాహమూ మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్ట లేదు, నూనె లేదు, చేప లేదు, కూర లేదు, రాజుకు రాయండి అన్నారు. ధాన్యం వచ్చింది. మళ్లీ ఆగింది, మళ్లీ కూర్చున్నారు. చరిత్రలో నమోదైన సమ్మెల్లో మొదటిదిగా దీన్ని చెబుతారు. దాన్ని రాసిన పాపిరస్ టూరిన్‌లో వుంది. గమనించండి, ఈ సమ్మె ఏ సమాధి గోడమీదా లేదు. దెబ్బలు తినటం గోడకెక్కింది, పని ఆపటం ఎక్కలేదు.

ఆ వూరివాడే సెన్నెద్జెమ్. సమ్మెకు నూరేళ్ల ముందువాడు. 1886లో అతని సమాధి చెక్కుచెదరకుండా దొరికింది. లోపలి గది చిన్నది. గోడలకు చెక్కడాలు లేవు, గిలాబామీద పసుపురంగు నేపథ్యంతో చిత్రాలు. తూర్పు గోడమీద పరలోకపు పొలం. సెన్నెద్జెమ్ మచ్చల ఎడ్లను కట్టి దున్నుతున్నాడు. వెనక భార్య ఇయినెఫెర్తి విత్తనాలు చల్లుతున్నది. పైవరసలో ఇద్దరూ పైరు కోస్తున్నారు. ఒంటిమీద తెల్లని పల్చని నారబట్టలు, ఆ బట్టల్లో ఎవడూ పొలం దున్నడు. చుట్టూ కాలువ, కింద పండ్లచెట్లు. అధికారి లేడు. లేఖకుడు లేడు. లెక్క రాసేవాడు లేడు. నీటిగుర్రాల వేట చూస్తూ కర్ర పట్టుకు నుంచున్న పెద్దమనిషి ఈ గోడమీద ఎక్కడా లేడు. దొరల సమాధుల్లో మనిషి ఎత్తు అతని హోదా. ఇక్కడ దున్నేవాడూ సమాధి యజమానీ ఒక్కడే గనక కొలిచి చూడటానికి ఇంకొకడు లేడు.

దీన్ని పట్టుకుని సెన్నెద్జెమ్‌ను విప్లవకారుణ్ణి చేయాలని నాకు లేదు. అతని సమాధిలోనూ షబ్తీలు దొరికాయి. గోడమీద తన పొలం తనే దున్నుకుంటున్నాడు, పెట్టెలో మాత్రం తన బదులు దున్నే బొమ్మలను పెట్టుకున్నాడు. రెండూ కావాలనుకున్నాడు. పగలంతా రాజు సమాధిలో దేవుళ్లను గీసిన చేతికి సొంత గోడ దొరికితే ఇంతవరకు వెళ్లగలిగింది, ఇక్కడ ఆగింది. ఆ ఆగినచోటును చూపించటం విమర్శకుడి పని. దాన్ని దాటించి చెప్పటమూ, దాటలేదు గనక కొట్టివేయటమూ రెండూ సోమరితనమే.

చివరగా ఒక ప్రతిమ. 1860లో సక్కారాలో మారియెట్ అనే ఫ్రెంచి పండితుడు తవ్వకాలు జరిపిస్తున్నాడు. కూలీలను పాషా ప్రభుత్వం పల్లెలనుంచి వెట్టికి పట్టి పంపేది. అప్పటికి షబ్తీ మంత్రం పుట్టి మూడున్నర వేల ఏళ్లు దాటింది, ఇసుక మోయటానికి పిలుపు మాత్రం ఆగలేదు. ఆ కూలీలు ఇసుకలోంచి ఒక కొయ్యప్రతిమను పైకి తీశారు. కా-అపెర్ అనే ఆయనది. మూడున్నర అడుగుల పైచిలుకు ఎత్తు. గుండ్రని ముఖం, బలిసిన పొట్ట, పొదిగిన కళ్లు. మొలనుంచి వేలాడే బట్ట, చేతిలో కర్ర. అప్పటికి పండితులు పేరు చదవనే లేదు, కూలీలు పేరు పెట్టేశారు: షేక్ అల్ బలద్, వూరి పెద్ద. అచ్చం తమ వూరి పెద్దలాగే వున్నాడట. కళాచరిత్ర పుస్తకాలన్నీ ఈ సంగతిని ఈజిప్టు శిల్పి వాస్తవికతకు కితాబుగా రాస్తాయి. వూళ్లో ఎవరు వెట్టికి పోవాలో పేర్లు పిలిచేది ఆ వూరి పెద్దే. ఆ సంగతి మాత్రం రాయవు.